యుద్ధమా, శాంతా? పాత పుస్తకాల్లో ఏది ముందు కొనాలి

ఆదివారం పొద్దున ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పరిచిన పుస్తకాల్లో ఏ గుట్ట కదిపినా రెండో ప్రపంచ యుద్ధం బయటపడుతుంది. హిట్లర్ జీవితచరిత్రలు, ట్యాంకుల బొమ్మల పుస్తకాలు, రిటైరైన జనరళ్ల జ్ఞాపకాలు. అదే గుట్టలో యుద్ధం వద్దన్నవాళ్ల పుస్తకం కావాలన్నా, సైన్యం సమాజం నెత్తికెక్కడం గురించి రాసింది కావాలన్నా గొంతుక్కూర్చుని అడుగున వెతకాలి. అలాంటివి రాసినవాళ్లు లేక కాదు. యుద్ధం పుస్తకాలను గట్టి అట్టతో, మడత మ్యాపులతో, లైబ్రరీలు కొనేటట్టు వేశారు. శాంతి పుస్తకాలు చాలావరకు పల్చటి బుక్‌లెట్లు. నాసిరకం కాగితం మీద అచ్చేసి, పిన్ను కొట్టి, సభల్లో చేతికిచ్చినవి. వెన్ను మీద పేరు లేని పుస్తకం అరలో కనబడదు. ఇల్లు మారేటప్పుడు పాత పేపర్లతో పాటు తూకానికి పోతుంది.

కాబట్టి నా సలహా మొదటే చెప్పేస్తాను. డబ్బు, చోటు రెండూ తక్కువైనవాళ్లు ముందు శాంతి వైపు, మిలిటరిజాన్ని, అంటే సైన్యం సమాజం నెత్తికెక్కడాన్ని, విమర్శించిన వైపు ఖర్చు పెట్టండి. యుద్ధం పుస్తకాలు ఎక్కడికీ పోవు; వచ్చే ఏడాది కూడా అదే గుట్టలో, ఇంచుమించు అదే ధరకు ఉంటాయి. ఎందుకో, ఎక్కడ ఈ సలహా వర్తించదో కింద చెబుతాను.

ముందు ఒక ప్రశ్న పట్టుకోండి

"యుద్ధాల మీద పుస్తకాలు కూడబెడుతున్నాను" అనేవాళ్ల ఇల్లు కొన్నాళ్లకు గోడౌన్ అవుతుంది. అంశం కాకుండా ప్రశ్న పెట్టుకుంటే అరబీరువాలో సరిపోతుంది, పైగా ఏది కొనకూడదో కూడా తెలుస్తుంది. మనకు దగ్గరగా ఉన్న రెండు ప్రశ్నలు తీసుకుని పోల్చి చూద్దాం.

మొదటిది 1962 చైనా యుద్ధం. దీని మీద నాలుగు పుస్తకాలు పక్కపక్కన పెడితే చాలు, సేకరణ అంటే ఏమిటో అర్థమవుతుంది. నాలుగో కోర్‌కు కమాండర్‌గా ఉన్న బి.ఎం. కౌల్ 1967లో 'ది అన్‌టోల్డ్ స్టోరీ' రాసి తన మీద పడ్డ నిందకు జవాబు చెప్పుకున్నాడు. ఆయన కింద నామ్‌కా చూ వాగు దగ్గర ఏడో బ్రిగేడ్‌ను నడిపి, చైనా సైన్యానికి చిక్కి, 1963 మే నెలలో విడుదలైన జాన్ దల్వీ 1969లో 'హిమాలయన్ బ్లండర్' తెచ్చాడు. అందులో పైవాళ్లెవరినీ వదల్లేదు. 1970లో నెవిల్ మాక్స్‌వెల్ 'ఇండియాస్ చైనా వార్' వచ్చింది. తప్పు ఎక్కువగా ఢిల్లీదేనన్నది ఆయన వాదం. ఆ మరుసటి ఏడాది ఇంటెలిజెన్స్ బ్యూరో మాజీ అధిపతి బి.ఎన్. మల్లిక్ చైనా చేసిన ద్రోహం అంటూ తన వైపు కథ చెప్పాడు. అయిదేళ్లలో నలుగురు, నాలుగు దిక్కులు. ఒక్కటే కొని చదివినవాడు ఆ ఒక్కడి వకీలుగా మారిపోతాడు. సైన్యం లోపలి విచారణ అయిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం ఇప్పటికీ విడుదల చేయలేదు. అందులో కొంత భాగాన్ని మాక్స్‌వెల్లే 2014లో ఇంటర్నెట్‌లో పెట్టాడు. అది కూడా ప్రింటు తీసి ఈ నాలుగింటి పక్కన పెట్టుకోవచ్చు.

రెండోది 1948 సెప్టెంబరు, హైదరాబాద్. భారత సైన్యం 13న సరిహద్దు దాటింది, 17న నిజాం లొంగిపోయాడు. అంతకు ముందు హైదరాబాద్‌లో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ 1957లో తన జ్ఞాపకాలు అచ్చేశాడు. నిజాం ప్రధాని లాయఖ్ అలీ 1962లో కరాచీ నుంచి తన పుస్తకం తెచ్చాడు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని నడిపినవాళ్ల వైపు నుంచి పుచ్చలపల్లి సుందరయ్య పెద్ద గ్రంథం 1972లో వచ్చింది. సైనిక చర్య తర్వాత పల్లెల్లో జరిగిన హత్యలపై విచారించిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు, ఎ.జి. నూరానీ 2013లో తన పుస్తకంలో దాన్ని అచ్చేశాడు.

ఈ రెండింటిలో మొదలుపెట్టేవాళ్లకు 1962 తేలిక. పుస్తకాలన్నీ ఇంగ్లీషువి, పదేపదే అచ్చయినవి, పేవ్‌మెంట్ మీదా ఆన్‌లైన్‌లోనూ దొరికేవి. కొన్ని నెలల్లో పునాది పడిపోతుంది. 1948కి ఓపిక కావాలి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ చూడాలి. స్మారక సంచికలు, జిల్లాల సావనీర్లు, పార్టీ బుక్‌లెట్లు, సొంత ఖర్చుతో వేసుకున్న ఆత్మకథలు వెతకాలి. వాటికి కేటలాగులు ఉండవు. కానీ ఇక్కడ మీరు సేకరించినది రేపు ఎవరికైనా నిజంగా పనికొస్తుంది. దల్వీ పుస్తకం మీరు కొనకపోయినా బతుకుతుంది. నల్గొండలోనో ఖమ్మంలోనో వెయ్యి ప్రతులు వేసి పంచిన సావనీర్ ఆఖరి ప్రతి మీ చేతిలోదే కావచ్చు. ఉర్దూ రాకపోయినా సరే, చదవగలిగే స్నేహితుడు ఒకరుంటే నేను 1948నే ఎంచుకోమంటాను.

కోస్తావాళ్లకు ఇలాంటి ప్రశ్నలు ఇంటి గుమ్మం దగ్గరే ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరం దగ్గర మునిగింది. మన నౌకాదళం ముంచిందని మనవైపు పుస్తకాలు, ప్రమాదవశాత్తు పేలిందని వాళ్లవైపు పుస్తకాలు ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నాయి. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం ఉంది; తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. అక్కడి మనుషుల సంగతి జనరళ్ల ఆత్మకథల్లో దొరకదు.

ఏ రకం పుస్తకం ఎందుకు

జనరళ్ల ఆత్మకథలు చదవడానికి హుషారుగా ఉంటాయి, చవగ్గా దొరుకుతాయి. అధికారిక చరిత్రలు బరువు, నిద్ర తెప్పిస్తాయి, కానీ తేదీ దగ్గర, యూనిట్ పేరు దగ్గర అనుమానం వస్తే తీసేవి అవే. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం మీద బిశేశ్వర్ ప్రసాద్ సంపాదకత్వంలో వచ్చిన అధికారిక చరిత్ర సంపుటాలు విడివిడిగా కనబడుతుంటాయి. వాటి మొదటి పేజీలో భారత్, పాకిస్తాన్ రెండింటి పేర్లూ ఉంటాయి. దేశం విడిపోయి, కశ్మీర్‌లో ఒకరి మీద ఒకరు కాల్పులు జరుపుకున్న తర్వాత కూడా ఉమ్మడి చరిత్ర విభాగం పని ఆగలేదు. ఆ ఒక్క పేజీ కోసమైనా ఒక సంపుటం ఉంచుకోవచ్చు. మొత్తం సెట్ కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. మీ ప్రశ్నకు పనికొచ్చే సంపుటం ఒకటి చాలు.

యుద్ధం వద్దన్నవాళ్ల వైపు వస్తే, గాంధీ 'నాన్ వయొలెన్స్ ఇన్ పీస్ అండ్ వార్' రెండు భాగాలు (నవజీవన్, 1942, 1949) దొరికితే వదలకండి. అమెరికన్ క్రైస్తవ సన్యాసి థామస్ మెర్టన్ వాటిలోంచి ఏరి 1965లో చిన్న పుస్తకం చేశాడు, అది ఎక్కడైనా దొరుకుతుంది. రెండింట్లో ఏది? ఉదయం పది నిమిషాలు చదువుకోవడానికి మెర్టన్ చాలు. అహింస మాట పట్టుకున్న మనిషి 1918లో గుజరాత్‌లోని ఖేడాలో ఊరూరా తిరిగి సైన్యంలో చేరమని ఎందుకు చెప్పాడు, తర్వాత దాన్ని ఎలా సమర్థించుకున్నాడు, ఎదుటివాళ్లు ఎలా నిలదీశారు, ఇదంతా కావాలంటే నవజీవన్ సంపుటాలే. అందులో గాంధీ పాఠకులతో వాదిస్తాడు, తడబడతాడు, మాట మార్చుకుంటాడు. ఏరిన పుస్తకాల్లో అవే ముందు ఎగిరిపోతాయి.

దానికి పక్కనే సర్వోదయం బుక్‌లెట్లు. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టిన వినోబా 1957లో శాంతి సేన అన్నాడు. కాశీలోని సర్వ సేవా సంఘ్ ఆయన ఉపన్యాసాలను హిందీ, ఇంగ్లీషుల్లో పల్చటి పుస్తకాలుగా వేసింది. తెలుగులో వచ్చిన సర్వోదయ సాహిత్యం పాత గ్రంథాలయాల నుంచి, చనిపోయిన కార్యకర్తల ఇళ్ల నుంచి అప్పుడప్పుడు కట్టలుగా వస్తుంది. కట్ట వస్తే కట్టగానే కొనండి. ఏరితే దుకాణదారు మిగతావి తూకానికి వేస్తాడు.

టాగూర్ 'నేషనలిజం' (1917) కూడా ఈ అరలోదే. 1916లో జపాన్‌లో, అమెరికాలో ఇచ్చిన ఉపన్యాసాలు. యుద్ధోన్మాదం నెత్తికెక్కుతున్న జపాన్‌కు వెళ్లి, వాళ్ల ముఖం మీదే మీ దారి బాగా లేదని చెప్పాడు. మాక్మిలన్ ముద్రణలు చాలా వచ్చాయి కాబట్టి ధర ఎక్కువ చెబితే ముందుకు నడవండి.

మిలిటరిజం అనే అర అన్నిటికంటే ఇరుకు, నాకు అన్నిటికంటే ఇష్టం. ఇందులో మూడు పుస్తకాలు పోల్చదగ్గవి. జర్మన్ సోషలిస్టు కార్ల్ లీబ్‌నెక్ట్ 1907లో జర్మన్‌లో రాసిన చిన్న పుస్తకం అతన్ని రాజద్రోహం కింద ఏడాదిన్నర జైలుకు పంపింది. అందులో కోపం, పార్టీ కార్యక్రమం రెండూ ఉంటాయి. అమెరికన్ మెరైన్ల మేజర్ జనరల్ స్మెడ్లీ బట్లర్ 1935లో రాసిన 'వార్ ఈజ్ ఎ రాకెట్' గంటలో చదివేయవచ్చు. రెండుసార్లు అమెరికా అత్యున్నత శౌర్య పతకం తీసుకున్న మనిషి యుద్ధంలో ఎవడి జేబు నిండిందో లెక్కలు చెబుతాడు. ఆల్‌ఫ్రెడ్ వాగ్ట్స్ 1937 నాటి 'ఎ హిస్టరీ ఆఫ్ మిలిటరిజం' మాత్రం పండితుడి పని. గెలవడానికి కావలసినంత సైన్యం వేరు, ఆ అవసరాన్ని మించి యూనిఫారాలు, ఆచారాలు, పరువు ప్రతిష్ఠలు సమాజం మీద పరుచుకోవడం వేరు అని అతను గీసిన గీత ఇప్పటికీ చెరగలేదు. ఈ మూడింట్లో ఒక్కటే కొనగలిగితే వాగ్ట్స్. 1959లో సవరించి, రెండో ప్రపంచ యుద్ధం దాకా పొడిగించిన ముద్రణే తీసుకోండి. 1937 ప్రతి అందంగా ఉంటుంది కానీ అసలు పరీక్ష జరగకముందే ఆగిపోతుంది. బట్లర్ పుస్తకం మొదటి ముద్రణ అంటూ వేలల్లో చెబితే నవ్వి ఊరుకోండి. ఆ మాటలకు పేపర్‌బ్యాక్ చాలు.

సోవియట్ పుస్తకాల సంగతి వేరే చెప్పాలి. మాస్కో ప్రచురణాలయాలు తెలుగులో, ఇంగ్లీషులో వేసినవి విశాలాంధ్ర ద్వారా మన ఊళ్లకు వచ్చి, 1991తో ఆగిపోయాయి. వుప్పల లక్ష్మణరావు లాంటివాళ్లు మాస్కోలో కూర్చుని చేసిన అనువాదాలు ఇప్పుడు పాత పుస్తకాల్లో గిరాకీ ఉన్న సరుకు. నవలలకు, పిల్లల బొమ్మల పుస్తకాలకు ధర పెరిగింది. శాంతి, నిరాయుధీకరణ మీద వచ్చిన వ్యాసాల పుస్తకాలను ఎవరూ అడగరు, అందుకే చవక. కొనండి, కానీ ఒంటరిగా పెట్టకండి. వాటిలో 1956 హంగరీ, 1968 చెకొస్లొవేకియా వెతికితే సోవియట్ సేనలు స్నేహితులుగా వెళ్లాయనే చదువుతారు. అదే కాలంలో అమెరికా సమాచార శాఖ మన దేశంలో పంచిన బుక్‌లెట్లలో వియత్నాం కథ కూడా అంతే సున్నితంగా ఉంటుంది. రెండిటినీ ఒకే అరలో, ఒకదానికొకటి ఎదురుగా పెట్టండి.

ఇక సంవత్సర సంచికలు. స్టాక్‌హోమ్‌లో 1966లో పుట్టిన శాంతి పరిశోధన సంస్థ సిప్రి ఏటేటా ఆయుధాల లెక్కలు వేస్తుంది. కాలేజీ లైబ్రరీలు రద్దు చేసిన వాటిలో ఈ లావుపాటి సంపుటాలు వస్తుంటాయి. వరుసగా అన్నీ కొంటే బీరువా ఖాళీ ఉండదు. పదేళ్లకొకటి చాలు. మిగతా అంకెలు ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఉన్నాయి.

మొదటి ముద్రణా, చదివే ప్రతా

చదవడానికి కొనేవాళ్లకు మొదటి ముద్రణ మోజు అక్కర్లేదు, ఒక్క సందర్భంలో తప్ప: ముద్రణ మారితే మాట మారినప్పుడు. రెమార్క్ నవల 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' మంచి ఉదాహరణ. ఇంగ్లీషు అనువాదం 1929లో లండన్‌లో పట్నమ్ వేసింది, అమెరికాలో లిటిల్ బ్రౌన్ వేసింది. అనువాదకుడు ఒక్కడే, కానీ అమెరికన్ ముద్రణలో మరుగుదొడ్ల దృశ్యం లాంటివి కొన్ని కత్తిరించారు. కాబట్టి పాత అమెరికన్ ప్రతి కంటే పాత లండన్ ప్రతి మేలు. అమెరికన్ ప్రతిని ఆ కత్తిరింపుల కోసమే కొనేవాళ్లూ ఉన్నారు, అది వేరే సరదా.

నార్మన్ ఏంజెల్ 'ది గ్రేట్ ఇల్యూజన్' దగ్గర కూడా ముద్రణ చూడాలి. 1909లో చిన్న బుక్‌లెట్‌గా వేరే పేరుతో వచ్చింది, 1910లో పెంచి ఈ పేరు పెట్టాడు, 1933లో మళ్లీ సవరించాడు. యుద్ధం ఇక రాదని చెప్పిన అమాయకుడిగా ఆయన్ని ఎగతాళి చేయడం మామూలైపోయింది. గెలిచినవాడికీ లాభం లేదన్నాడు తప్ప, యుద్ధమే జరగదనలేదు. ఈ తగువు మీరే తేల్చుకోవాలంటే 1914కు ముందు ప్రతి ఒకటి ఉండాలి. అప్పట్లో వేలకు వేలు అమ్ముడైంది కాబట్టి ధర మరీ భయపెట్టదు.

1930లు, 40ల బ్రిటిష్ పుస్తకాల్లో రెండు రకాలు మన ఊళ్లలో తరచూ కనబడతాయి. విక్టర్ గొలాంజ్ 1936లో పెట్టిన లెఫ్ట్ బుక్ క్లబ్ పుస్తకాలు: నారింజ రంగు మెత్తటి అట్ట, దాని మీద బయటివాళ్లకు అమ్మకూడదన్న అచ్చు. 1937 నుంచి వచ్చిన పెంగ్విన్ స్పెషల్స్: ఆరు పెన్నీల పుస్తకాలు, యూరప్‌లో ఏదైనా జరిగిన కొన్ని వారాల్లోనే అచ్చయ్యేవి. చదవడానికి పెంగ్విన్, దాచడానికి లెఫ్ట్ బుక్ క్లబ్. పెంగ్విన్లవి పల్చటి కాగితపు అట్టలు, తొందరగా చిరుగుతాయి. ఆ నారింజ అట్ట రంగు వెలుస్తుంది గానీ కుట్టు గట్టిది.

1942 తర్వాతి బ్రిటిష్ ప్రతుల్లో పుస్తకం మీద కూర్చున్న సింహం గుర్తు, యుద్ధకాలపు పొదుపు ప్రమాణం అన్న మాట కనిపిస్తే కాగితం పల్చగా, అంచులు ఇరుగ్గా ఉంటాయని తెలుసుకోండి. అది లోపం కాదు, ఆ కాలం ముద్ర. అమ్మేవాడు దాన్ని వంకగా చూస్తే ధర తగ్గించమని మాత్రం అడగవచ్చు.

అమెరికన్ సైనికుల జేబుల కోసం 1943 నుంచి 1947 దాకా వేసిన అడ్డం పొడుగు పేపర్‌బ్యాకుల గురించి చాలామంది అడుగుతారు. 1,322 పుస్తకాలు, 12 కోట్లకు పైగా ప్రతులు. వస్తువుగా ముద్దొస్తాయి. కానీ లోపల ఎక్కువ భాగం నవలలు, కౌబాయ్ కథలు. మన ప్రశ్నకు వాటితో పని తక్కువ. ఒకటి చేతికొస్తే ఉంచుకోండి, వెంటపడకండి.

తెలుగు పుస్తకాల్లో ఒక సౌకర్యం ఉంది. "ప్రథమ ముద్రణ", నెల, సంవత్సరం, "ప్రతులు: 1000" అని చాలావాటి మీద ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో అరుదుగా దొరికే సమాచారం ఇది. కొనేముందు ఆ పేజీ ఫోటో తీసుకోండి.

ఎక్కడ కొనాలి

ఆబిడ్స్ ఆదివారం మార్కెట్‌కు పోటీ లేదు, ఎందుకంటే అక్కడ ఏం దొరుకుతుందో అమ్మేవాడికీ తెలియదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కనే ఉండటం వల్ల ఆఫీసర్స్ మెస్ ముద్రలున్న పుస్తకాలు, రెజిమెంట్ చరిత్రలు ఇటువైపు వస్తుంటాయి. షాపులు మూసి ఉండే ఆ ఒక్కరోజే బేరం. లావు పుస్తకం, యుద్ధం బొమ్మ అట్ట, ఈ రెండూ ఉంటే ధర ఎక్కువ చెబుతారు. పల్చటి శాంతి బుక్‌లెట్లకు అసలు ధరే ఉండదు. "అన్నా, ఈ కట్టంతా కలిపి ఎంత?" అని అడిగితే నోటికొచ్చింది చెబుతాడు, అక్కడే మీ అదృష్టం. కోఠి దుకాణాల్లో పాఠ్యపుస్తకాలే ఎక్కువ, మన సరుకు కోసం అక్కడికి పనిగట్టుకుని వెళ్లక్కర్లేదు.

విజయవాడ లెనిన్ సెంటర్ తెలుగుకు, ముఖ్యంగా వామపక్ష, సోవియట్ పుస్తకాలకు హైదరాబాద్ కంటే మేలు. అమ్మేవాళ్లకు సరుకు తెలుసు కాబట్టి ధరలు గట్టిగానే ఉంటాయి, కానీ "ఫలానాది వస్తే చెప్పండి" అంటే గుర్తుపెట్టుకుని ఫోన్ చేస్తారు. ఆబిడ్స్‌లో ఆ ఆశ తక్కువ.

ఢిల్లీ వెళ్లేవాళ్లు దర్యాగంజ్ ఆదివారం బజారు 2019లో పేవ్‌మెంట్ నుంచి ఆసఫ్ అలీ రోడ్డులోని మహిళా హాట్ ఆవరణకు మారిందని గుర్తుంచుకోండి. మిలిటరీ చరిత్ర ఇంగ్లీషులో కావాలంటే అక్కడ దొరికినంత దక్షిణాదిలో దొరకదు. చెన్నైలో పాతవాళ్లు చెప్పే మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. కలకత్తా కాలేజీ స్ట్రీట్‌లో పాతవి ఉన్నాయి గానీ దుకాణం దుకాణం అడుగుతూ పోవాలి.

ఆన్‌లైన్ వేరే లోకం. పేరు తెలిసిన పుస్తకానికి ఆన్‌లైన్, పేరు తెలియని పుస్తకానికి పేవ్‌మెంట్. వాగ్ట్స్ 1959 ముద్రణ కావాలంటే ఏబ్‌బుక్స్ లాంటి చోట పది నిమిషాల్లో దొరుకుతుంది. పేరు కూడా విననిది మాత్రం వెతుకుడు పెట్టెలో టైపు చేయలేరు కదా. విదేశాల నుంచి తెప్పిస్తే పుస్తకం ధర కంటే తపాలా ఖర్చే ఎక్కువ కావచ్చు. విదేశీ ముద్రిత పుస్తకాల మీద 2019 బడ్జెట్‌లో 5 శాతం కస్టమ్స్ సుంకం కూడా వేశారు. 1970కి ముందు పుస్తకాలకు ఐఎస్‌బిఎన్ ఉండదు కాబట్టి ఆ నంబరుతో వెతికితే కొత్త రీప్రింట్లే వస్తాయి. ప్రచురణకర్త పేరు, సంవత్సరం వేసి వెతకండి. చాలాసార్లు ఫోటో అసలు ప్రతిది కాదు. డబ్బు కట్టేముందు అట్ట, వెన్ను, ముద్రణ పేజీ, మ్యాపుల ఫోటోలు అడగండి. పంపనంటే వదిలేయండి.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న తెలుగువాళ్లకు నా సలహా తిరగబడుతుంది. అక్కడి లైబ్రరీ సేల్స్‌లో, ఛారిటీ షాపుల్లో వాగ్ట్స్, ఏంజెల్ లాంటివి మనకంటే చాలా తేలిగ్గా దొరుకుతాయి. అవి అక్కడే కొనండి. సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు తెలుగు బుక్‌లెట్లు, సావనీర్లు చూడండి. సైనికుల చేతిరాత ఉత్తరాలు, డైరీలు దొరికి తీసుకెళ్లాలనుకుంటే మాత్రం ఆగండి: 75 ఏళ్లు దాటిన, చారిత్రక విలువున్న రాతప్రతులు, పత్రాలు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

కాగితమా, పీడీఎఫా

తెలుగువాడైన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ఆలోచనతో మొదలైన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు పుణ్యమా అని వేల తెలుగు పుస్తకాలు స్కానై, ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను పెట్టింది. కాబట్టి 1940ల నాటి పత్రికల బైండు సంపుటాల కోసం వేలు పోయక్కర్లేదు. యుద్ధవార్తలు తెర మీద చదువుకోవచ్చు.

యుద్ధం పుస్తకాల్లో మాత్రం స్కాన్‌కు ఒక పెద్ద లోటు ఉంది: మడత మ్యాపులు. స్కాన్ చేసేవాళ్లు వాటిని విప్పే ఓపిక లేక మడతపెట్టినట్టే తీసేస్తారు. దాడి ఎటునుంచి వచ్చిందో ఆ మ్యాపులోనే ఉంటుంది. కాబట్టి మ్యాపులున్న చరిత్రలు కాగితం మీద, ఉత్త మాటలైతే పీడీఎఫ్‌లో. గాంధీ సంపూర్ణ రచనలు నూరు సంపుటాలు (1958 నుంచి 1994 దాకా) ఇంట్లో పెట్టుకోవడం చాలామందికి కుదరదు. డిజిటల్ ప్రతులు ఉన్నాయి. అయితే ఒక జాగ్రత్త. 2000 ప్రాంతంలో సవరించిన ముద్రణ అంటూ వచ్చిన సీడీ, సంపుటాల్లో మార్పులు, లోపాలు ఉన్నాయని పండితులు గొడవ చేస్తే దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కె. స్వామినాథన్ సంపాదకత్వంలోని అసలు క్రమం ఆధారంగా చేసిన ప్రతినే దింపుకోండి.

బుక్‌లెట్ల విషయంలో కాగితం కొని, మీరే స్కాన్ చేసి పెట్టండి. వాటికి రెండో ప్రతి దొరకదు.

డబ్బు ఇచ్చేముందు, ఇంటికి తెచ్చాక

మడత మ్యాపులు ఉన్నాయో లేదో మ్యాపుల జాబితాతో సరిచూడండి. వెనక అట్టలో జేబు ఉంటే అందులో చెయ్యి పెట్టి చూడండి. పేజీలు వేళ్లతో వంచితే పుటుక్కున విరిగే కాగితాన్ని స్కాన్ కోసం తప్ప కొనకండి. లైబ్రరీ ముద్ర ఉండి, రద్దు చేసినట్టు ముద్ర లేకపోతే అది ఎలా బయటికొచ్చిందో అడగండి. జవాబు సూటిగా రాకపోతే పక్కన పెట్టేయండి. "రెస్ట్రిక్టెడ్" అని అచ్చేసిన సైనిక మాన్యువల్స్‌ను సరదాకి కూడా ముట్టుకోవద్దు, చట్టంతో చిక్కు.

తెచ్చిన పుస్తకాన్ని వెంటనే పాతవాటి మధ్య పెట్టకండి. పది రోజులు విడిగా, గాలి ఆడే చోట ఉంచి, పొడి బ్రష్‌తో దులిపి, పురుగు లేదని తేలాకే అరలోకి. కలరా ఉండల వాసన చాలామందికి పడదు. ఎండబెట్టిన వేపాకు, వస కొమ్ము ముక్కలు తాటాకుల కాలం నుంచీ వాడుతున్నవే. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ప్లాస్టిక్ కవర్లు వేయకండి, లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. బుక్‌లెట్ల పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి: పిన్ను మెల్లగా తీసి, అవే రంధ్రాల్లోంచి నూలుదారంతో కుట్టండి. సెల్లోటేప్ మాత్రం వేయొద్దు.

మొదటి పేజీలోని పాత యజమాని పేరు, యూనిట్ ముద్ర, పెన్సిల్ గీతలు చెరపకండి. దల్వీ పుస్తకం పేజీల అంచుల్లో ఎవరో మాజీ సైనికుడు "అబద్ధం" అని రాసి ఉంటే ఆ ప్రతికి కొత్త ప్రతి కంటే రెండింతలు ఇవ్వడానికి నేను సిద్ధం.